పీవో, ఏపీవో, ఓపీవోల శిక్షణ: మీరు ఎక్కడ తడబడ్డారో చెప్పండి

గౌతమి_టీచర్
2024 ఏప్రిల్ 3

అందరికీ నమస్కారం అండి. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఈసారి మా నియోజకవర్గంలో మాస్టర్ ట్రైనర్లుగా, అంటే పోలింగ్ కేంద్రాన్ని నడిపే ప్రిసైడింగ్ అధికారులకి (పీవో), వాళ్ల సహాయకులకి (ఏపీవో), మిగతా పోలింగ్ అధికారులకి (ఓపీవో) శిక్షణ ఇచ్చేవాళ్లుగా, వేసినవాళ్లలో నా పేరూ ఉంది. మే 13న అసెంబ్లీకీ పార్లమెంటుకీ ఒకే రోజు పోలింగ్. అంటే ప్రతి కేంద్రంలోనూ రెండు కంట్రోల్ యూనిట్లు (సిబ్బంది దగ్గర ఉండి ఓట్లు నమోదయ్యేవి), రెండు వీవీప్యాట్లు (వేసిన ఓటుకి కాగితం స్లిప్పు చూపించేవి), రెండు ఓటింగ్ గదులు.

2019లో నేను ఏపీవోగా వెళ్లాను. అప్పటి శిక్షణ ఓ కాలేజీ హాల్లో పెట్టారు. మూడొందల మందికి పైగా ఉన్నాం. ఈవీఎం ఒక్కటే, అదీ వేదిక మీద. మా వరుసకి తెర మీద అక్షరాలు ఆనలేదు. సంతకం పెట్టాం, హ్యాండ్‌బుక్ తీసుకున్నాం, భోజనం చేసి వచ్చేశాం. వీవీప్యాట్‌ని నేను మొదటిసారి చేత్తో ముట్టుకున్నది పోలింగ్ రోజు తెల్లవారుజామున, మాక్ పోల్‌కి (అసలు పోలింగ్‌కి ముందు చేసే నమూనా ఓటింగ్) అభ్యర్థుల ఏజెంట్లు వచ్చి కూర్చున్నాక. చేతులు వణికాయండి. ఆ వణుకు నాకింకా గుర్తుంది.

ఇప్పుడు నా ముందు కూర్చునేవాళ్లకి అలా జరగకూడదు. హ్యాండ్‌బుక్‌లో ఏముందో నేను చదువుకుంటాను. మిమ్మల్ని అడిగేది వేరు. మీ డ్యూటీలో మీరు ఎక్కడ తడబడ్డారు? ఆ తడబాటు తప్పాలంటే శిక్షణలో ఏం చేయించి ఉండాల్సింది?


లంకల_మాస్టారు
2024 ఏప్రిల్ 3

అమ్మా, మంచి మాట అడిగావు. నేను రిటైరై చాలా ఏళ్లయింది. బ్యాలెట్ పెట్టెల కాలం నుంచి చేశాను. దేశమంతటా ఈవీఎంలు వచ్చిన 2004 ఎన్నికల్లోనూ పీవోగా ఉన్నాను.

నా మొదటి డ్యూటీ గోదావరి మధ్య లంకలో. పెట్టెలు, కాగితాల సంచి, కిరసనాయిలు లాంతరు నావలో పెట్టుకుని వెళ్లాం. ఆ శిక్షణలో మమ్మల్ని ముప్పై మంది చొప్పున కూర్చోబెట్టి, తలా ఒక ఖాళీ పెట్టె ఇచ్చారు. కాగితం సీలు దూర్చి మూత వేయమన్నారు. వేశాను. తియ్యమన్నారు, తీశాను. సీలు చిరిగిపోయింది. మళ్లీ వేయించారు. నాలుగోసారికి చెప్పేవాళ్ల అవసరం లేకుండా చేతులే చేసుకుపోయాయి. లంకలో ఆ రాత్రి లాంతరు వెలుగులో సీలు వేసింది ఆ చేతులేనమ్మా.

యంత్రాలు వచ్చాక శిక్షణలో ఉపన్యాసం పెరిగింది, చేత్తో చేయించడం తగ్గింది. నువ్వు ఇంకేమీ చెయ్యలేకపోయినా సరే, హాల్లోంచి బయటికి వెళ్లే ప్రతి పీవో చేతా ఒక్కసారైనా కంట్రోల్ యూనిట్‌కి ఆకుపచ్చ పేపర్ సీలు వేయించు.


కాలవగట్టు
2024 ఏప్రిల్ 4

నేను వ్యవసాయ శాఖ. 2019లో సెక్టోరల్ అధికారిగా పది కేంద్రాలు చూశాను. మాక్ పోల్ మొదలయ్యే 5:30 నుంచి 7 గంటల దాకా ఫోను చెవి దగ్గర్నుంచి దించలేదు. 'మిషను పని చెయ్యట్లేదు సార్' అన్న ఫోన్లే అన్నీ. బైకేసుకుని వెళ్లి చూస్తే చాలాచోట్ల మిషన్లు నిక్షేపంగా ఉన్నాయి.

ఒకచోట వీవీప్యాట్ వెనక ఉన్న నాబ్ అడ్డంగానే ఉంది. రవాణాలో అడ్డంగా ఉంచుతారు, పనిలో పెట్టేటప్పుడు నిలువుగా తిప్పాలి. ఆ ఒక్క తిప్పుడు కోసం నేను నాలుగు కిలోమీటర్లు వెళ్లాను. ఇంకోచోట కంట్రోల్ యూనిట్ స్విచ్ వేసి ఉంచే కేబుళ్లు పీకి పెట్టారు. బ్యాలెట్ యూనిట్ (ఓటరు బటన్ నొక్కేది) తీగ వీవీప్యాట్‌కి, వీవీప్యాట్ తీగ కంట్రోల్ యూనిట్‌కి. తగిలించేటప్పుడైనా తీసేటప్పుడైనా ముందు స్విచ్ ఆపాలి. మూడోచోట స్కూలు కిటికీ పక్కనే వీవీప్యాట్ పెట్టారు. ఎండ సూటిగా దాని మీద పడుతోంది. అలా వెలుగు పడేచోటా, బల్బు కిందా దాన్ని పెట్టకూడదు. బల్ల జరిపితే సరిపోయింది.

టీచర్ గారూ, ఇంకో ముఖ్యమైన సంగతి. మిషను నిజంగానే చెడితే ఏది మార్చాలి అన్నదాంట్లో పీవోలందరూ కలగాపులగం అయిపోతారు. మాక్ పోల్‌లో చెడితే చెడిన యూనిట్ ఒక్కటే మార్చాలి. అసలు పోలింగ్ మొదలయ్యాక బ్యాలెట్ యూనిట్‌గానీ కంట్రోల్ యూనిట్‌గానీ చెడితే మొత్తం సెట్టు మార్చాలి, కొత్త సెట్టు మీద ప్రతి అభ్యర్థికీ, నోటాకీ ఒక్కో ఓటు చొప్పున మళ్లీ మాక్ పోల్ చెయ్యాలి. వీవీప్యాట్ ఒక్కటే చెడితే దాన్నొక్కదాన్నే మార్చాలి, అప్పుడు మాక్ పోల్ అక్కర్లేదు. ఇది తెర మీద చూపిస్తే అందరూ తలూపుతారు. లేపి అడిగితే పదిమందిలో ఇద్దరు సరిగ్గా చెబుతారు. కాబట్టి లేపి అడగండి.


ఎలక్షన్_సీటు
2024 ఏప్రిల్ 5

తహశీల్దార్ ఆఫీసులో ఎలక్షన్ సీటు చూస్తాను. హాల్లో మూడొందల మందిని ఎందుకు కూర్చోబెడతారో మా వైపు సంగతి కూడా చెప్పాలి.

మొదటి ర్యాండమైజేషన్‌లో (కంప్యూటర్‌తో తీసే లాటరీలో) ఎవరెవరు డ్యూటీకి వస్తారన్నదే తేలుతుంది. నియోజకవర్గం, టీము తేలేది రెండోదాంట్లో. ఏ కేంద్రానికి వెళ్తారో మూడోదాంట్లో, బయల్దేరే ముందు. అందుకని మొదటి శిక్షణకి వచ్చినవాళ్లకి తమ టీములో ఇంకెవరున్నారో తెలీదు. ఒక పీవో, ఆయన ఏపీవో, ఓపీవోలు మొదటిసారి ఒకరి మొహం ఒకరు చూసుకునేది చాలాసార్లు డిస్ట్రిబ్యూషన్ సెంటర్లో సామాను తీసుకునేటప్పుడే. ఎవరూ ముందుగా కుమ్మక్కు కాకూడదని పెట్టిన పద్ధతి అది. దాన్ని మార్చమనడం లేదు, మార్చకూడదు కూడా.

శిక్షణకిచ్చే యూనిట్లు వేరే ఉంటాయి, పసుపు స్టిక్కర్ అంటించి. అవి లెక్కగానే వస్తాయి. దానికితోడు అదే రోజు ఫారం 12 (డ్యూటీలో ఉన్నవాళ్ల పోస్టల్ బ్యాలెట్ దరఖాస్తు) తీసుకోవాలి, డ్యూటీ ఆర్డర్లలో తప్పులు దిద్దాలి, గర్భిణులూ ఆపరేషనైనవాళ్లూ మినహాయింపు అడుగుతారు. సగం రోజు అక్కడే పోతుంది. మీరు చెప్పేది సబబే టీచర్ గారూ, కానీ ఆ సగం రోజుని మాకు ఎలా మిగులుస్తారో కూడా ఆలోచించండి.


కొత్త_ఓపీవో
2024 ఏప్రిల్ 6

గ్రామ సచివాలయంలో చేస్తున్నానండి. ఇదే నా మొదటి ఎన్నిక. మా ఊళ్లో ముందు చేసినవాళ్లని అడిగితే 'ఓపీవోకి ఏముందమ్మా, వేలికి సిరా పూయడమే' అన్నారు. నిజంగా అంతేనా? శిక్షణ అంతా పీవోలకే చెబుతారనీ మేం వెనక కూర్చుని వినాలనీ అంటున్నారు. నాకు భయంగా ఉంది.


వశిష్ఠ
2024 ఏప్రిల్ 6

అమ్మాయ్, సిరా పూయడమే అని ఎవరన్నారో గానీ పోలింగ్ కేంద్రంలో అసలు లెక్క ఉండేది ఓపీవో చేతిలోని 17ఏ రిజిస్టర్లోనే (ఓటేసేవాళ్ల వివరాలు, సంతకాలు ఉండేది). నేను జూనియర్ కాలేజీ లెక్చరర్ని, నరసాపురం వైపు. 2019లో పీవోగా వెళ్లాను. నాకు జరిగింది చెబుతాను విను, టీచర్ గారు కూడా వినండి.

సాయంత్రం క్లోజ్ బటన్ నొక్కాం. 17ఏలో ఆఖరి వరుస సంఖ్య 862. అసెంబ్లీ కంట్రోల్ యూనిట్‌లో 862. పార్లమెంటు యూనిట్‌లో 861. ఒక్క ఓటు తేడా. ఏజెంట్లు నలుగురూ బల్ల చుట్టూ మూగారు. కరెంటు పోయింది. సెల్‌ఫోన్ టార్చి వెలుగులో 17ఏ పేజీలన్నీ మొదట్నుంచి తిప్పాం. దోమలు. సంతకాలు, వేలిముద్రలు, పక్కన కాలమ్‌లో ఓటరు కార్డు చూపిస్తే 'ఈపీ', 'ఈపీ', ఆధార్ అయితే ఆఖరి నాలుగు అంకెలు. ఎక్కడా తప్పు కనపడలేదు. చివరికి మా ఏపీవోకి గుర్తొచ్చింది. మధ్యాహ్నం మూడింటప్పుడు ఒక ముసలమ్మగారు అసెంబ్లీ గదిలో ఓటేసి, అయిపోయిందనుకుని కర్ర పట్టుకుని గుమ్మం దాటి వెళ్లిపోయారు. రెండో గది ఉందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. మేమెవరం ఆపలేదు.

చేసేదేముంది, 17సీలో (పోలైన ఓట్ల లెక్క రాసే ఫారంలో) తేడా ఉందా అన్న చోట ఉన్నదున్నట్టు రాశాను, పీవో డైరీలోనూ రాశాను, ఏజెంట్లకి చదివి వినిపించాను. తప్పుని కప్పెట్టడానికి అంకె దిద్దడం అన్నిటికన్నా పెద్ద తప్పు. ఈ మాట శిక్షణలో ఎవరూ గట్టిగా చెప్పరు. తేడా వస్తే భయపడి సరిచేసేస్తారేమోనని నాకు అదే బెంగ.

రెండు ఎన్నికలు కలిసి జరిగేటప్పుడు ఓటరు రెండో గదికి వెళ్లాడా లేదా చూడడం ఓపీవో పని. తెల్ల బ్యాలెట్ పేపరు పార్లమెంటుది, గులాబీ రంగుది అసెంబ్లీది. 'అమ్మా, ఇంకోటి ఉంది, అటు వెళ్లండి' అన్న ఒక్క మాట ఆ రోజు మాకు రెండు గంటలు ఆదా చేసేది. మేం మిషన్లు అప్పజెప్పే రిసెప్షన్ సెంటర్ చేరేసరికి తెల్లారబోతోంది.


పాలకొల్లు_పీడీ
2024 ఏప్రిల్ 8

వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. నాకు తోచింది చెబుతాను. కబడ్డీ జట్టుకి రూల్స్ పుస్తకం చదివి వినిపించి కోర్టులోకి దింపం కదండీ. శిక్షణకి వచ్చినవాళ్లనే ఆరుగురేసి టీములుగా కూర్చోబెట్టండి, మిగతావాళ్లని ఓటర్లని చెయ్యండి. టీము అసలుది కాకపోయినా ఫర్వాలేదు, పని అలవాటవుతుంది.

ఓటర్లలో మామూలువాళ్లు పదిమంది ఉంటే తేడాగా ఐదుగురుండాలి. ఒకావిడ రైస్ కార్డు పట్టుకొస్తుంది. ఓటరు కార్డు లేకపోతే చెల్లే పన్నెండు గుర్తింపు పత్రాల్లో అది లేదు, మన పల్లెల్లో అందరూ తెచ్చేది మాత్రం అదే. ఆవిడకి ఎలా నచ్చజెప్పాలి? ఉపాధి హామీ జాబ్ కార్డు ఉందేమో, ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్ ఉందేమో మర్యాదగా అడగాలి. చూపు లేని తాతగారు మనవణ్ణి తోడు తెచ్చుకుంటాడు. మనవడికి పద్దెనిమిది నిండాయా? పొద్దున్న ఇంకెవరికైనా తోడు వచ్చాడా? డిక్లరేషన్ తీసుకున్నారా, 14ఏలో (చూపు లేని, అశక్తులైన ఓటర్ల జాబితాలో) రాశారా? ఒకతను వచ్చేసరికి అతని పేరు మీద ఓటు పడిపోయి ఉంటుంది. అతను ఫలానావాడే అని తేలితే టెండర్డ్ బ్యాలెట్ కాగితం ఇవ్వాలి, 17బీలో (అలాంటి ఓట్ల జాబితాలో) సంతకం తీసుకోవాలి, మిషన్ మీద వేయనివ్వకూడదు. ఒకాయన 17ఏలో సంతకం పెట్టాక ఓటు వెయ్యనంటాడు. ఒకాయన స్లిప్పులో వేరే గుర్తు వచ్చిందంటాడు.

ఈ ఐదుగుర్నీ దాటించిన టీము ఎక్కడికెళ్లినా నిలబడుతుంది.


ఎలక్షన్_సీటు
2024 ఏప్రిల్ 8

పీడీ గారి ఆలోచన బాగుంది. టీచర్ గారూ, ఫారం 12, ఆర్డర్ల పని మేం వరండాలో వేరే కౌంటర్ పెట్టి, బ్యాచీల వారీగా పిలుస్తాం. హాలు మీకు వదిలేస్తాం. మా పై అధికారిని ఒప్పించే పూచీ నాది.


యానాం_నుంచి
2024 ఏప్రిల్ 20

నిన్న మా దగ్గర పోలింగ్ అయిపోయింది. మాది పుదుచ్చేరి లోక్‌సభ స్థానం కదా, 19నే మొదటి విడతలో. మా చుట్టూ కోనసీమ అంతా మే 13 కోసం చూస్తుంటే మేం వేలికి సిరాతో తిరుగుతున్నాం.

ఒక్క సలహా ఇస్తాను. ఎండ. నీళ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు సంచిలో వేసుకోండి. పోలింగ్ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు మధ్యాహ్నం దాకా లేవరు, నీళ్లు తాగరు, రెండింటికి తల తిరుగుతుంది. ఎవరి తరవాత ఎవరు పది నిమిషాలు లేవాలో పొద్దున్నే అనుకోండి.


గౌతమి_టీచర్
2024 ఏప్రిల్ 24

మీరందరూ చెప్పిందే చేశానండి, చేయగలిగినంత.

హాలు బదులు స్కూలు తరగతి గదులు తీసుకున్నాం. గదికి నలభై మంది. ఒక్కో గదిలో ఒక సెట్టు. ఉపన్యాసం ముప్పావు గంటలో ఆపేశాను. ఆ తరవాత ఒక్కొక్కరూ వచ్చి కేబుళ్లు తగిలించడం, నాబ్ తిప్పడం, మాక్ పోల్. మాక్ పోల్ అంటే కనీసం యాభై ఓట్లు, ప్రతి అభ్యర్థికీ నోటాకీ పడాలి. అందరి చేతా యాభై వేయించే టైము లేదు గనక గది మొత్తం కలిసి యాభై వేశారు, ఎవరికెన్ని పడ్డాయో బోర్డు మీద గీతలు గీశారు.

సీఆర్‌సీ దగ్గర మాత్రం ఎవర్నీ వదల్లేదు. క్లోజ్, రిజల్ట్, క్లియర్. క్లియర్ నొక్కాక టోటల్ నొక్కి సున్నా చూపించి, గది అంతా వినపడేలా 'సున్నా' అనాలి. వీవీప్యాట్ డబ్బాలోంచి మాక్ పోల్ స్లిప్పులు తీసి, ప్రతి దాని వెనకా ముద్ర వేసి, నల్ల కవర్లో పెట్టి సీలు చెయ్యాలి. ఖాళీ డబ్బాని ఏజెంట్లకి చూపించాలి. ఇది మర్చిపోయి అసలు పోలింగ్ మొదలెడితే మాక్ పోల్ ఓట్లు అసలు ఓట్లలో కలిసిపోతాయి. ఆ మిషన్ని కౌంటింగ్ రోజు పక్కన పెట్టేస్తారు. గెలుపు తేడా అలాంటి కేంద్రాల ఓట్లకన్నా తక్కువైతే అప్పుడు వీవీప్యాట్ స్లిప్పులు లెక్కపెట్టాలి. ఎండలో నిలబడి ఓటేసిన ఒక ఊరి జనం తీర్పు మన ఒక్క మరుపు వల్ల అలా పక్కన కూర్చుంటుంది. ఈ మాట చెప్పినప్పుడు గదిలో ఎవరూ ఫోను చూడలేదు.

ఒక పీవో గారు, పెద్దాయన, వెనక బెంచీలో కూర్చుని 'నాకు కళ్లు ఆనవమ్మా, ఏపీవో చూసుకుంటాడులే' అన్నారు. ఆయన్ని బలవంతపెట్టలేదు. అందరూ వెళ్లాక ఆయనే వచ్చి, ఆకుపచ్చ సీలు ఎటువైపు దూర్చాలో మూడుసార్లు చేయించుకుని వెళ్లారు.

నాకు కుదరనిది ఒకటుంది. ఓపీవోలకి ఇంత సమయం దొరకలేదు. వాళ్ల శిక్షణ వచ్చే నెల మొదట్లో, ఒక్క పూటే.


వశిష్ఠ
2024 ఏప్రిల్ 24

ఆ ఒక్క పూటలో మిషను చూపించకండి. 17ఏ నమూనా పేజీ జిరాక్స్ తీసి తలా ఒకటి ఇవ్వండి. ఇరవై మంది ఓటర్ల వివరాలు చదవండి, వాళ్లు రాయాలి. తరవాత పక్కవాళ్ల కాగితంతో పోల్చుకోమనండి.


కాలవగట్టు
2024 ఏప్రిల్ 25

ఆరు గంటల క్యూ సంగతి కూడా చెప్పండి. ఆరింటికి లైన్లో ఉన్నవాళ్లందరికీ ఓటు హక్కు ఉంది. నంబర్ల స్లిప్పులు పంచడం చివర నిలబడ్డ మనిషి దగ్గర మొదలవ్వాలి, ఒకటో నంబరు ఆఖరి వ్యక్తికి. ముందునుంచి ఇచ్చుకుంటూ వెళ్తే మీరు వెనక్కి చేరేలోపు వెనక మరో పదిమంది చేరతారు. అప్పుడు గొడవే.


కొత్త_ఓపీవో
2024 మే 14

రాత్రి రెండున్నరకి ఇంటికొచ్చాను. పడుకుని లేచి ముందు ఇదే రాస్తున్నాను.

మాది కొబ్బరి తోటల మధ్య స్కూలు. ఆరింటికి లైన్లో 140 మంది ఉన్నారు. మా పీవో సారు స్లిప్పుల కట్ట పట్టుకుని నన్ను తోడు రమ్మన్నారు. ఇద్దరం లైను చివరికి, తోటలోకి నడిచాం. ఆఖర్న ఒకమ్మ చంటిపిల్లని ఎత్తుకుని ఉంది. ఆవిడకి ఒకటో నంబరు ఇచ్చాం. వెనకే సైకిలు మీద ఇద్దరు కుర్రాళ్లు ఆయాసపడుతూ వచ్చారు. వాళ్లని చూస్తే జాలేసింది, కానీ ఇవ్వలేదు. చంటిపిల్ల తల్లి ఓటు వేసేసరికి తొమ్మిది దాటింది. పిల్ల నిద్రపోయింది. ఆవిడ సంతకం 17ఏలో నేనే పెట్టించాను.

రెండో గది గుమ్మం దగ్గర నేను పొద్దుటినుంచీ 'అమ్మా, ఇంకోటి ఉంది' అంటూనే ఉన్నాను, గొంతు పోయింది. వశిష్ఠ సార్, ఆఖర్న 17ఏ, రెండు యూనిట్లు, మూడూ ఒకటే అంకె చూపించాయి. మా పీవో సారు 17సీ రాసేటప్పుడు ఆ అంకె నన్ను చదవమన్నారు.


లంకల_మాస్టారు
2024 మే 14

చాలా సంతోషం తల్లీ. నేనూ నిన్న ఓటేశాను. మా కేంద్రంలో పిల్లలు చక్కగా చేశారు. వేలు చూసి, పేరు గట్టిగా చదివి, ఎవరినీ తొందరపెట్టకుండా.


గౌతమి_టీచర్
2024 మే 16

రాష్ట్రం మొత్తం మీద 81.86 శాతం పోలింగ్ అని నిన్న ప్రకటించారు. ఆ జనాన్ని తట్టుకున్నది పోలింగ్ సిబ్బందే.

నా వైపు లోపం ఒకటి రాసి పెడతాను, ఇక్కడ ఉంటే వచ్చేసారికి పనికొస్తుంది. కవర్లు సర్దడం నేను నేర్పలేదు. మా పీవోలు చాలామంది రిసెప్షన్ సెంటర్లో కింద కూర్చుని, ఏ కాగితం ఏ కవర్లోకో వెతుక్కున్నారు. ఒకాయన 17సీ నకలు సీలు వేసిన కవర్లో పెట్టేసి మళ్లీ విప్పాల్సి వచ్చింది. ఓ గంట కేటాయించి ఖాళీ కవర్లు నేలమీద పరిచి సర్దించి ఉంటే ఆ అవస్థ ఉండేది కాదు. వచ్చేసారి ఆ గంట ముందే పక్కన పెడతాను.


కొత్త_ఓపీవో
2024 మే 16

మేడమ్, జూన్ 4 కౌంటింగ్‌కి నన్ను అసిస్టెంట్‌గా వేశారు. శిక్షణ ఇంకా చెప్పలేదు. 17సీ చూసి టోటల్ సరిపోల్చడం ఎలాగో ముందే నేర్చుకోవాలనుంది. ఎవర్ని అడగాలి?


గౌతమి_టీచర్
2024 మే 16

ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి రండమ్మా. ఖాళీ 17సీలు రెండు తీసి ఉంచుతాను. మొదటి భాగం మీ పీవో గారు నింపడం చూశారు కదా, రెండో భాగం మీరే నింపుదురు గాని.